పాచికి మందు నాచులో ఉందా?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో మా చేనేత సహకార సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక ఎక్కితే మేము నూలు ధర గురించో, రిబేటు బకాయిల గురించో మాట్లాడతాం. ఈసారి పెద్దలు, ఆరోగ్యం మీద ఏదైనా చెప్పండి అన్నారు. మాది ఎనిమిదో తరగతి చదువు. సంఘం లెక్కలు రాయడం తప్ప సైన్సు తెలియదు. కానీ మా సభ్యుల ఇంటి అమ్మాయి ఒకామె మైక్రోబయాలజీ చదివింది. ఆమె పక్కన కూర్చుని, తెలియనిది రెండుసార్లు మూడుసార్లు అడిగి, మనకు అర్థమయ్యే మాటల్లో రాసుకుని వచ్చాం. ఆమెకు ఓపిక ఎక్కువ. మీకూ కాస్త ఓపిక ఉండాలని కోరుతున్నాం.

విషయం ఏమిటంటే, క్రిములు కట్టే పాచికి సముద్రపు నాచులో మందు వెతుకుతున్నారు. ఇది మగ్గం మనుషులకు ఎందుకు అని మీరు అడగవచ్చు. రెండు కారణాలు ఉన్నాయి. మన వాళ్ళలో షుగర్ ఉన్నవాళ్ళు పెరిగారు, కాలి పుండు మానక తిరిగేవాళ్ళు ప్రతి వీధిలో కనబడుతున్నారు. ఇది ఒకటి. సముద్రపు నాచు గుళికలు మింగితే, నాచు నూనె రాస్తే ఎంత పాత పుండైనా మానుతుందని ఫోన్లలో తిరుగుతున్న కబుర్లు రెండోది. ఇందులో నిజం ఎంత, బేరం ఎంత అని తేల్చుకోవాల్సిన అవసరం మనకు వచ్చింది.

ముందు పాచి సంగతి చూద్దాం. పొద్దున లేచి పళ్ళు తోమకముందు నాలుకతో తడిమితే జిగటగా తగిలేది పాచి. రంగు నీళ్ళ డ్రమ్ము లోపల చెయ్యి పెడితే జారేది పాకుడు. తొట్టి గోడకు, పైపు లోపల, పూలకుండీలో నిలవ నీళ్ళలో కట్టేది కూడా ఆ జాతిదే. సైన్సు వాళ్ళు దీన్ని బయోఫిల్మ్ అంటారు. కంటికి కనబడని క్రిములు మొదట నీళ్ళలో విడివిడిగా తిరుగుతాయి. తడిగా ఉన్న ఒక చోటు దొరికితే అంటుకుంటాయి. అంటుకున్నాక తమ ఒంటి నుంచి ఒక జిగురు వదిలి, ఆ జిగురు లోపల గుంపుగా కాపురం పెడతాయి. ఆ కాపురమే బయోఫిల్మ్.

జిగురు సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పచ్చి పట్టు తెచ్చి నేరుగా రంగులో ముంచితే ఏమవుతుంది? రంగు సరిగ్గా పట్టదు, మచ్చలు మచ్చలుగా వస్తుంది. పట్టుపురుగు దారం చుట్టూ పూసిన జిగురు ఉంటుంది, దాని పేరు సెరిసిన్. సబ్బు, సోడా వేసి ఉడకబెట్టి ఆ జిగురు తీస్తాం. కిలో పట్టులో 200 నుంచి 250 గ్రాములు ఆ జిగురే పోతుంది. అది పోయాకే దారం లోపలికి రంగు దిగుతుంది. పడుగుకు గంజి పెట్టేది కూడా ఎందుకు? పన్నె రాపిడికి పోగు తెగకుండా కాపాడటానికి. క్రిములు చేసేదీ ఇదే. తమకు తామే గంజి పెట్టుకుంటాయి. మన మందు వాటి మీద రాపిడి అనుకోండి. ఆ గంజి ఉన్నంతసేపు రాపిడి వాటికి తగలదు.

విడిగా నీళ్ళలో తిరిగే క్రిమిని చంపే మందు, అదే క్రిమి జిగురులో దాక్కుంటే చాలదు. కొన్ని చోట్ల వెయ్యి రెట్ల దాకా మందు వేసినా తట్టుకుంటుందట. జిగురు మందును అడ్డుకోవడం ఒక కారణం. లోపలి వరసల్లో ఉన్న క్రిములు తిండి అందక నిద్రపోయినట్టు ఉండటం ఇంకో కారణం. చాలా మందులు పెరుగుతున్న క్రిమినే చంపుతాయి, నిద్రపోయేదాన్ని చంపలేవు. మందు ఆపిన తరువాత అవి లేచి మళ్ళీ మొదలుపెడతాయి. అందుకే కొందరికి మాత్ర వేసుకున్నన్ని రోజులు తగ్గినట్టు ఉండి, మానేశాక మళ్ళీ చీము పడుతుంది.

ఈ సంగతి మొదట గమనించినవాడు ఎవరో విని మాకు సంతోషం వేసింది. హాలెండు దేశంలో డెల్ఫ్ట్ అనే ఊళ్ళో లేవెన్‌హుక్ అని ఒక బట్టల వ్యాపారి ఉండేవాడు. ఆ రోజుల్లో బట్టల వ్యాపారులు గుడ్డలో పోగులు చూడటానికి భూతద్దం వాడేవారు. మనం కూడా అంగుళానికి ఎన్ని పోగులో అద్దం పెట్టి లెక్కపెడతాం గదా. ఆయన అద్దాలు తానే సానబెట్టుకుని, ఇంకా ఇంకా సూక్ష్మంగా చూడటం నేర్చుకున్నాడు. 1683లో తన పళ్ళ పాచి తీసి చూస్తే అందులో లెక్కలేనన్ని జీవాలు కదులుతూ కనబడ్డాయి. ఆ సంగతి లండన్‌లో రాయల్ సొసైటీ వాళ్ళకు ఉత్తరం రాశాడు. తరువాత ఇంకోటి కూడా గమనించాడు. వెనిగర్‌తో, అంటే పులిసిన కాడి లాంటి దానితో నోరు కడిగితే పాచి పైపైన ఉన్నవే చచ్చాయి, లోపలివి చావలేదు. మన జాతి వ్యాపారం చేసినవాడు ఒకడు మూడు వందల ఏళ్ళ కిందటే చెప్పిన మాట ఇది. పైన పోసిన మందు లోపలికి దిగదు.

ఇక రెండో సంగతి. ఇది సొసైటీ మనుషులకు బాగా నచ్చుతుంది. క్రిములు ఒక చోట అంటుకోగానే జిగురు కట్టవు. ముందు ఎంతమంది చేరారో చూసుకుంటాయి. ఒక్కో క్రిమి చిన్న రసాయనం ఒకటి బయటికి వదులుతుంది. పదిమంది ఉంటే ఆ వాసన పలచగా ఉంటుంది, వేలమంది చేరితే చిక్కగా ఉంటుంది. చిక్కబడింది అని తెలియగానే అన్నీ కలిసి ఒక్కసారి పనిలోకి దిగుతాయి. కొన్ని జిగురు గట్టిగా కడతాయి, కొన్ని విషం వదులుతాయి. 1994లో దీనికి ఇంగ్లీషులో పెట్టిన పేరు కోరం సెన్సింగ్. అవునండీ, మన కోరమే. సర్వసభ్య సమావేశానికి కోరం లేకపోతే కుర్చీలు వేసి, మైకు పెట్టి, టీ కాచినా తీర్మానం చెయ్యలేం. క్రిములకూ అదే నియమం. మా అమ్మాయి ఈ మాట చెప్పినప్పుడు ముప్పై ఏళ్ళుగా కోరం కోసం ఇంటింటికీ తిరిగిన మాకు నవ్వు ఆగలేదు.

అయితే కోరాన్ని చెడగొడితే? క్రిమిని చంపనక్కర్లేదు, వాటి సమావేశం జరగకుండా చేస్తే చాలు. ఈ ఆలోచనకు దారి చూపింది ఒక సముద్రపు నాచు.

సముద్రంలో ఒక చెక్క వేసి చూడండి, తాడు కట్టి చూడండి. కొద్ది రోజుల్లో దాని మీద పాకుడు పడుతుంది, ఆ పైన గుల్లలు పడతాయి. పడవ అడుగు గీకే పని పల్లెకారులకు ఎప్పుడూ ఉండేదే. నాచు కూడా కదలకుండా అక్కడే ఉంటుంది. మరి దాని ఒంటికి పాకుడు ఎందుకు పట్టడం లేదు? ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గరి సముద్రంలో డెలీసియా పుల్క్రా అని ఎర్ర నాచు ఒకటి ఉంది. చుట్టుపక్కల అన్నిటికీ పాకుడు పట్టినా దాని ఒళ్ళు మాత్రం శుభ్రంగా ఉండటం న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు చూశారు. పీటర్ స్టైన్‌బర్గ్, స్టాఫన్ షెల్లెబెర్గ్ అనే ఇద్దరి బృందం దీని వెంట పడింది. ఆ నాచు ఫ్యూరనోన్లు అనే పదార్థాలు తయారు చేసి తన ఒంటి పైకి వదులుతుంది. వాటి ఆకారం క్రిములు వదిలే కోరం రసాయనాన్ని పోలి ఉంటుంది. 1990ల్లో తేలిన సంగతి ఏమిటంటే, సభ్యుడు కూర్చోవలసిన కుర్చీలో ఇవి వచ్చి కూర్చుంటాయి. సభ్యుడికి చోటు ఉండదు, హాజరు లెక్కకు రాదు, కోరం తేలదు, తీర్మానం ఆగిపోతుంది.

2003లో ఎలుకల మీద పరీక్ష చేశారు. ఊపిరితిత్తుల్లో సూడోమోనాస్ అనే మొండి క్రిమి పెట్టి, ఈ ఫ్యూరనోన్‌ను పోలిన, ప్రయోగశాలలో తయారు చేసిన పదార్థం ఇస్తే, ఆ క్రిమిని ఎలుక ఒళ్ళు తొందరగా వదిలించుకుంది. లోకమంతా ఆశపడింది. ఆశపడటానికి గట్టి కారణం కూడా ఉంది. చంపే మందు వేస్తే చావకుండా మిగిలిన క్రిమి మొండిదై దాని సంతతి పెరుగుతుంది. చంపకుండా కోరం ఒక్కటే చెడగొడితే మొండితనం అంత తొందరగా రాకపోవచ్చు అని వాళ్ళ ఆలోచన.

మరి ఆ మందు దుకాణంలో దొరుకుతుందా? దొరకదు. ఆ నాచులోని ఫ్యూరనోన్లు మన ఒంటి కణాలకు కూడా హాని చేసే రకం. ఎలుకకు పనిచేసింది మనిషికి ఇవ్వాలంటే పనిచేసే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య తగినంత దూరం ఉండాలి. ఆ దూరం చాలలేదు. అందుకని దాన్ని పోలిన, హాని తక్కువైన పదార్థాల కోసం ఇంకా వెతుకుతున్నారు.

రెండో దారి గోధుమ రంగు నాచుది. దీని సరుకు మనలో కొందరి చేతుల్లోంచి రోజూ పోతూనే ఉంది. అద్దకం పని చేసేవాళ్ళకు సోడియం ఆల్జినేట్ పొడి తెలుసు. రియాక్టివ్ రంగుతో ప్రింటు వేసేటప్పుడు రంగు కారకుండా చిక్కదనానికి కలిపే పొడి అది. పిండి గంజి కలిపితే రంగు ఆ గంజినే పట్టుకుంటుంది. ఆల్జినేట్ కలిపితే దాన్ని వదిలి నూలును పట్టుకుంటుంది. ఈ పొడి గోధుమ రంగు సముద్రపు నాచు నుంచి వస్తుంది. 1880లలో స్టాన్‌ఫోర్డ్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రజ్ఞుడు దీన్ని కనిపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండులో దీనితో దారం కూడా తీశారు. సబ్బు సోడా నీళ్ళలో వేస్తే ఆ దారం కరిగిపోతుంది. ఇవాళ ఆస్పత్రిలో చెమ్మ ఎక్కువగా కారే పుండ్లకు పెట్టే ఆల్జినేట్ గుడ్డ ఈ నాచు దారంతో చేసిందే. అది చెమ్మను పీల్చి మెత్తటి గుజ్జులా మారుతుంది, పుండు ఎండిపోకుండా, అతిగా నానకుండా చూస్తుంది. ఇది నిజంగా వాడుకలో ఉన్న నాచు సరుకు. అయితే దాని పని చెమ్మ పీల్చడం. పుండులో కట్టిన పాచిని పూర్తిగా పోగొట్టే పని దానిది కాదు.

ఆ పాచి పని కోసం నార్వే దేశం వాళ్ళు, బ్రిటన్‌లో కార్డిఫ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇదే ఆల్జినేట్‌ను చిన్న చిన్న ముక్కలు చేసి చూశారు. ఆ ముక్కలు జిగురును వదులు చేసి మందు లోపలికి దిగేలా చేస్తున్నాయని ప్రయోగశాలలో తేలింది. చిత్రం చూడండి, ఊపిరితిత్తుల్లో చేరే ఆ సూడోమోనాస్ క్రిమి కట్టే జిగురు కూడా ఆల్జినేటే. ముల్లును ముల్లుతో తీసినట్టు ఉంది. పుట్టుకతోనే ఊపిరితిత్తుల్లో జిగట పేరుకునే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు ఉన్న మనుషులకు పీల్చే పొడిగా ఇచ్చి పరీక్షించారు. ఊపిరి బలంలో అనుకున్నంత మార్పు కనబడలేదు. గాజు గిన్నెలో గెలిచినది మనిషి ఒంట్లో గెలవడం అంత తేలిక కాదు. నమూనా గజం బాగా వచ్చిందని వంద చీరల ఆర్డరు ఒప్పుకుంటామా? పడుగు ఎక్కించి, రెండు చీరలు దించి, ఉతికి చూసి ఒప్పుకుంటాం. సైన్సు వాళ్ళూ అంతే.

మన పక్కనే ఉన్న సముద్రం సంగతి కూడా చెప్పాలి. తమిళనాడులో రామనాథపురం జిల్లా, మన్నార్ సింధుశాఖ ఒడ్డున ఆడవాళ్ళు వేళ్ళకు గుడ్డ పేలికలు చుట్టుకుని, నీళ్ళలో మునిగి రాళ్ళ మీది నాచు కోసుకొస్తారు. అది వాళ్ళ బతుకు. మండపంలో కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ వారి నాచు పరిశోధన కేంద్రం ఉంది. తమిళంలో దీన్ని కడల్ పాసి అంటారు. వాళ్ళ పాసి, మన పాచి ఒకటే మాట. ఆ ఎర్ర నాచు నుంచి అగర్ తీస్తారు. ఆస్పత్రి ల్యాబులో చీము తీసి, ఏ క్రిమి ఉందో చూడటానికి ఒక చిన్న పళ్ళెంలో పెంచుతారు గదా, ఆ పళ్ళెంలో గట్టిగా పేరుకున్న జెల్లీ అగరే. వంటింట్లో జెల్లీకి వాడే ఈ సరుకును ల్యాబుకు వాడమని 1880లలో చెప్పింది ఫానీ హెస్సె అనే ఇల్లాలు. కాబట్టి నాచు మనకు వైద్యంలో ఎప్పటి నుంచో సాయం చేస్తోంది. మన పుండుకు ఏ మందు పనిచేస్తుందో చెప్పేదీ ఆ నాచు మీద పెరిగిన క్రిమే. సముద్రాన్ని, ఆ కోసే చేతులను తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు.

ఇప్పుడు అసలు మాట. నాచులో మందు ఉందా అంటే, వెతుకులాట నిజం, దారి నిజం. పుండులో పాచిని పోగొట్టే నాచు మాత్ర గానీ, నాచు నూనె గానీ ఈ రోజుకు రుజువై రాలేదు. ఎవరైనా వచ్చింది అని అమ్మితే వాళ్ళు వెతుకులాటను అమ్ముతున్నారు, మందును కాదు. పైగా కొన్ని నాచుల్లో అయొడిన్ చాలా ఎక్కువ. థైరాయిడ్ ఉన్నవాళ్ళు ఆ గుళికలు మింగితే లేని తంటా తెచ్చుకున్నట్టే.

మా సంఘంలో జరిగింది ఒకటి చెబుతాం. నలభై ఏళ్ళు గుంట మగ్గం నేసిన సభ్యుడు ఒకాయన ఉన్నారు. షుగర్ ఉంది. తొక్కుడు చెక్క అంచు గీరుకుని బొటనవేలి కింద చిన్న పుండు పడింది. కాలికి స్పర్శ తగ్గిపోయింది కాబట్టి నొప్పి తెలియలేదు. నొప్పి లేదు గదా అని నేస్తూనే ఉన్నారు. ఎవరో నాచు నూనె అని సీసా అంటగట్టారు. రెండు నెలలు ప్రతి రాత్రి పూశారు. పైన ఎండినట్టు కనబడింది. లోపల ఎముక దాకా పోయింది. చివరికి రెండు వేళ్ళు తీసేశారు. ఇప్పుడు ఆయన మగ్గం దిగలేరు. ఇంట్లో రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడుతున్నారు. సీసా ఖరీదు పెద్దది కాదు, పోయిన రెండు నెలలే పెద్ద ఖరీదు. ఆయన తన సంగతి సభలో చెప్పమని తానే అన్నారు.

అలాంటి పుండ్ల మీద 2008లో అమెరికాలో ఒక పరిశీలన జరిగింది. చాలా రోజులుగా మానని 50 పుండ్లు చూస్తే 30 పుండ్లలో, అంటే నూటికి 60లో బయోఫిల్మ్ ఉంది. కొత్తగా అయిన గాయాలు 16 చూస్తే ఒక్కదానిలోనే ఉంది. మానని పుండు మానకపోవడానికి ఈ పాచి ఎంత పెద్ద కారణమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

మరి మందు వచ్చేదాకా ఏం చెయ్యాలి? పట్టుకు చేసే పనే చెయ్యాలి. ముందు జిగురు, తరువాత రంగు. ఆస్పత్రిలో డాక్టరు పుండులో చచ్చిన కండ, జిగట తీసేసి కడుగుతారు. చాలామంది అది చూసి భయపడి, కోస్తున్నారని మళ్ళీ పోరు. కోయడం కాదు, అది జిగురు తీయడం. తీసిన ఒకటి రెండు రోజుల్లోనే పాచి మళ్ళీ కట్టడం మొదలుపెడుతుంది. ఆ లోపల మందు బాగా దిగుతుంది. అందుకే కట్టు మార్చడానికి చెప్పిన రోజున చెప్పినట్టు పోవాలి. ఒక రోజు కూలి పోతుందని ఆగితే ముందు చేయించుకున్న పని కూడా వృథా. ఇంకో హెచ్చరిక, ఇంట్లో బ్లేడుతో గీకడం, పీచుతో రుద్దడం చెయ్యకండి. ఆ పని తెలిసిన చేతులు చెయ్యాలి. మందు మాత్ర డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాలి. షుగర్ అదుపులో లేకపోతే ఇవేవీ నిలబడవు.

మగ్గం దగ్గర కూడా కొంత ఉంది. గుంటలో తడి లేకుండా చూసుకోండి. తొక్కుడు చెక్కల అంచులు నున్నగా చెక్కించండి, మేకు తల పైకి లేస్తే ఆ రోజే కొట్టించండి. షుగర్ ఉన్నవాళ్ళు ఉత్త కాళ్ళతో నడవకండి. రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు కళ్ళతో చూసుకోండి, వంగలేకపోతే అద్దం పెట్టుకోండి, లేదా ఇంట్లోవాళ్ళ చేత చూపించుకోండి. నొప్పి లేదు అనే మాటను నమ్మకండి, కంటిని నమ్మండి.

తాగే నీళ్ళ తొట్టికీ ఇదే సూత్రం. గోడకు పాకుడు ఉండగా పైనుంచి బ్లీచింగ్ పొడి చల్లితే లేవెన్‌హుక్ వెనిగర్ లాగే పైవాటికే తగులుతుంది. నీళ్ళు ఖాళీ చేసి, గోడలు బ్రష్షుతో రుద్ది, కడిగి, ఆ తరువాత బ్లీచింగ్ వెయ్యండి. పళ్ళకూ అంతే. పుక్కిలించడం తోమడానికి బదులు కాదు.

మా సంఘం ఒక తీర్మానం చేసుకుంది. ప్రతి నెలా కూలి పంచే రోజున సభ్యులంతా ఎలాగూ ఆఫీసుకు వస్తారు. ఆ రోజు చెప్పులు విప్పించి నలభై దాటిన వాళ్ళ కాళ్ళు చూడటానికి ఊరి నర్సమ్మ గారిని పిలుస్తున్నాం. మొదటి నెలలో ముసలివాళ్ళు సిగ్గుపడ్డారు. ఇప్పుడు వాళ్ళే ముందు వరసలో కూర్చుంటున్నారు. ఇందుకు పెద్ద ఖర్చు లేదు, ఒక బల్ల, ఒక లైటు, ఒక నోటు పుస్తకం చాలు. సమాఖ్యలో ఉన్న సంఘాలన్నీ ఇది పెట్టుకోవాలని మా కోరిక. కావాలంటే మేము పెట్టుకున్న పుస్తకం నమూనా పంపుతాం.

సముద్రంలో వెతికేవాళ్ళు వెతుకుతూ ఉంటారు. మన ఇళ్ళల్లో సైన్సు చదివే పిల్లలు కూడా రేపు ఆ పనిలో చేరవచ్చు, చేరాలని మా ఆశ. మందు వచ్చినరోజు ఈ వేదిక మీద ఆ పిల్లల చేతే చెప్పిస్తాం. అందాకా మన కాళ్ళు మనమే చూసుకుందాం. మధ్యాహ్నం భోజనాల తరువాత పక్క హాల్లో నర్సమ్మ గారు కూర్చుంటారు. షుగర్ ఉన్నవాళ్ళు మొహమాటపడకుండా చెప్పులు విప్పి రండి. కోరం లెక్క మేము చూసుకుంటాం. సెలవు.